చదువులో శివారు పొలములు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి శివారు పొలమన నేమో వేరుగ చెప్పనక్కరలేదు. 1855 లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియైన నాటినుండియు ఈ సీమలో నీటి తగవులు పెక్కులు శివారునందే పుట్టుచున్నవి. కాలువ తలవద్దనున్న పొలము అడుగకయే తడియును. నడుమనున్నది కొంత యాలస్యముగ తడియును. శివారు పొలము మాత్రము తన వంతు వచ్చునని కాచి కాచి, నారు వాడిన పిమ్మట నీటి మొగము చూచును. అయినను ఆ పొలమును జూచి, 'ఇది పనికిమాలిన నేల, దీనిలో పంట పండదు' అని తీర్పు చెప్పు రైతు లేడు. నీరందలేదనియే చెప్పును. బోదె త్రవ్వుడనును, తూము బాగుచేయుడనును, వంతు నిర్ణయింపుడనును.

పొలమునెడ మనకు గల యీ వివేకము బిడ్డలయెడ నేల లేకపోవలెను? ముప్పదిమంది బిడ్డలున్న తరగతిని చూడుడు. ముందు వరుసవారు పాఠము ముగియక మునుపే అందుకొందురు. నడుమవారు ఒకటికి రెండుమార్లు చెప్పినచో గ్రహింతురు. వెనుక బెంచీలో నలుగురైదుగురు కలరు. వారికిని బుద్ధి కలదు. వలపనిలో, అంగడి లెక్కలో, ఇంట చెల్లెండ్రను సాకుటలో ఆ బుద్ధి చక్కగ నడచుచునే యున్నది. పాఠము మాత్రము వారివరకు ప్రవహింపదు. నాలుగవ తరగతిలో నున్న బిడ్డ 'పడవ' యని చదువగలడు, 'పద్మ' యను మాటకడ ఆగిపోవును. ప-వలకు, మ-యలకు గల భేదమో, గుణింతములలోని హ్రస్వదీర్ఘములో, ఒత్తులో, ఎక్కడనో యొక మెట్టు తప్పినది. దానిపై కట్టిన మెట్లన్నియు కదలుచున్నవి. మరియొకడు చదువగలడు గాని కుదురుగ కూర్చుండలేడు. ప్రక్కవానిని గిల్లును, అడిగినదానికి ఎదురు చెప్పును, వారమునకు రెండు నాళ్లు బడి ఎగగొట్టును. మొదటివానికి 'మొద్దు' అనియు, రెండవవానికి 'పోకిరి' అనియు బిరుదము లిచ్చి లోకము తన పని తీరినదనుకొనుచున్నది. రోగమునకు పేరు పెట్టి మందు మానుట యనగా నిదియే.

మేము నేడు పాఠకుల ముందుంచు విషయము ఈ బిడ్డను గూర్చినదే. వీడు తీవ్రమైన వైకల్యము కలవాడు కాడు. తనంతట తాను పైకి రాగలవాడును కాడు. ఈ యిద్దరి నడుమ నిలిచినవాడు. వీనికి కావలసినది వేరు బడి కాదు, వేరు చదువు కాదు. తక్కిన చదువుతో పాటుగా ప్రతిదినము కొంతసేపు, చిన్న గుంపులో, వాని కేది రాదో దానినే నేర్పు ప్రత్యేకమైన తోడ్పాటు. అదియు నెల్లకాలము కాదు, మెట్టెక్కువరకు మాత్రమే. ఇంత చిన్నసాయము సకాలమున అందక, చదువునకు శాశ్వతముగ దూరమగు బిడ్డలను గూర్చి యడుగువా రెవ్వరును లేకుండుటయే మా విచారము.

ఏల లేరనగా, రెండు కొసలకును మనము కొంత యేర్పాటు చేసికొన్నాము. మన రాష్ట్రమున సమగ్రశిక్ష క్రింద మండలములలో భవిత కేంద్రములు దివ్యాంగులైన బిడ్డలకై నడచుచున్నవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల శాసనము 21 విధములైన వైకల్యములను పేర్కొని, వానిలో చదువుట, వ్రాయుట, లెక్కించుటలకు సంబంధించిన అభ్యసన వైకల్యములను గూడ చేర్చినది. ఇది మెచ్చదగినదే. అయితే ఆ శాసనము ననుసరించిన ముఖ్యసౌకర్యములకు నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యము కలదని ధ్రువపత్రము కావలెను. రెండవ కొసను, పరీక్షలలో ముందు నిలుచువారికై ఊరూర కోచింగు శాలలు వెలసినవి. ధ్రువపత్రము రాని బిడ్డ మొదటిదానికి చెందడు. రుసుము తేలేని బిడ్డ రెండవదానికి చెందడు. రెండు కాలువలు పారుచుండగ నడుమ ఎండిన పొలము వీనిది.

ఇది దానధర్మముల విషయమని యెవరైన తలతురేమో. కాదు. శాసనము పలుకు నక్షరములను ఒక్కసారి చిత్తగింపుడు. 2009 లో చేయబడి 2010 ఏప్రిల్ 1 వ తేదీన అమలునకు వచ్చిన విద్యాహక్కు శాసనమున 24 వ సెక్షను ఉపాధ్యాయుని విధులను చెప్పుచున్నది. ప్రతి బిడ్డయొక్క అభ్యసనశక్తిని అంచనా కట్టవలెననియు, దాని ననుసరించి అవసరమైనచో అదనపు బోధన చేయవలెననియు అందు స్పష్టముగ నున్నది. 'ప్రతి బిడ్డ' యన్నది శాసనపు మాట, మా మాట కాదు. 29 వ సెక్షను, సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో జరుగవలెనని విధించుచున్నది. 17 వ సెక్షను శరీరదండనను, మానసిక వేధింపును నిషేధించుచున్నది. అనగా కొట్టకూడదు, కించపరచకూడదు, గుర్తించి నేర్పవలెను. ఇంతకంటె శాసనకర్తలు వెనుక బెంచీ బిడ్డకై యేమి వ్రాయగలరు?

ఇక 2019 లో ఈ శాసనమునకు వచ్చిన సవరణను చూడుడు. ఐదవ తరగతిలోను, ఎనిమిదవ తరగతిలోను పరీక్ష పెట్టి, తప్పిన బిడ్డను అదే తరగతిలో నిలుపు నధికారమును అది ప్రభుత్వముల చేతికిచ్చినది. కేంద్ర ప్రభుత్వమువారు తమ క్రింది పాఠశాలలకు 2024 డిసెంబరులో ఆ మేరకు నిబంధనలు ప్రకటించిరి. తప్పిన బిడ్డకు అదనపు బోధన చేసి, ఫలితములు వెలువడిన రెండు నెలలలోపల మరల పరీక్ష పెట్టవలెనని కూడ ఆ సవరణలో నున్నది. మా ప్రశ్న యిది: ఒకటవ తరగతినుండియు ఏటేట చేయవలసిన అదనపు బోధన చేయక, ఐదేండ్ల పిమ్మట తప్పినాడని చూపి, రెండు నెలలలో అంతయు నేర్పుదు మనుట ఏపాటి న్యాయము? ఐదేండ్లు నీరు పెట్టని కామందు, పంట రాలేదని కౌలుదారును వెడలగొట్టినట్లున్నది. నిలుపుట మంచిదా, పైకి పంపుట మంచిదా యని పెద్దలు వాదించుకొనుచున్నారు. చదువు రాని బిడ్డను నేర్పక పైకి పంపినను మోసమే, నేర్పక క్రింద నిలిపినను మోసమే. రెంటను లోపించినది నేర్పుట.

దేశస్థితి యెట్లున్నదో చెప్పుటకు ఒక్క లెక్క చాలును. గ్రామసీమలలో ఇంటింట పరీక్షించు 'అసర్' వారి నివేదిక ప్రకారము, ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి బిడ్డలయందు రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2018 లో నూటికి 20.9, 2022 లో 16.3, 2024 లో 23.4. మహమ్మారి కాలమున పడిపోయినది మరల లేచినది, సంతోషమే. కాని నూటికి డెబ్బదియారుగురికి పైగా ఇంకను వెనుకనే యున్నారు. ఇందరును బుద్ధిహీనులని యెవడైన నమ్మునా? ఇది బిడ్డల లోపము కాదు, కాలువ లోపము.

కాలువ బాగుచేసినచో నీరు పారునా యని సందేహింపవలసిన పనియు లేదు. ముంబయి, వడోదర నగరములలో 'ప్రథమ్' సంస్థవారు స్థానికులైన యువతులను బాలసఖులుగ నియమించి, మూడు నాలుగు తరగతులలో వెనుకబడిన బిడ్డలను పదునైదు ఇరువదిమంది చొప్పున చేర్చి, బడి వేళలోనే దినమునకు రెండు గంటలు మొదటినుండి నేర్పించిరి. దీనిని పరీక్షించి 2007 లో ఫలితములు ప్రచురించినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో గారలు కలరు; 2019 లో నోబెల్ బహుమానము పొందినవారు వీరే. బిడ్డల చదువు నిజముగ మెరుగుపడెననియు, అట్టడుగున నున్నవారికే ఎక్కువ మేలు కలిగెననియు వారు తేల్చిరి. సాయము ఆగిన యేడాదికి ఆ మేలులో చాలభాగము తరిగెనని కూడ వారే చెప్పిరి. కావున ఒక యేడు పండుగచేసి మరుయేడు మరచు పథకము పనికిరాదు.

మన తెలుగునేలమీదను సాక్ష్యము కలదు. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని నాగర్‌కర్నూలు ప్రాంతమున నాంది ఫౌండేషన్ వారు, గ్రామములోని వారినే తర్ఫీదుచేసి, బడి విడిచిన పిమ్మట ఆ బడిలోనే దినమునకు రెండు గంటలు బిడ్డలకు చెప్పించిరి. 2013 లో ప్రచురితమైన పరిశోధన ప్రకారము, రెండేండ్లలో ఆ గ్రామముల బిడ్డలు ఇతర గ్రామముల బిడ్డలకంటె ఎంతయో ముందునకు పోయిరి. నేర్పినది మహాపండితులు కారు. సమయము, శ్రద్ధ, బిడ్డ యున్న మెట్టునుండి మొదలిడుట — ఈ మూడును వారి పాండిత్యము.

విదేశముల మాట చెప్పవలెనన్నచో, ఫిన్లాండులో 2011 లో అమలునకు వచ్చి 2025 లో మార్పుచెందిన పద్ధతి సాయమును మూడు మెట్లుగ విభజించినది. అందరికి సామాన్యసాయము, కొందరికి అధికసాయము, మిక్కిలి అవసరము కలవారికి ప్రత్యేకసాయము. రెండవ మెట్టు సాయమునకు వైద్యుని ధ్రువపత్రము అక్కరలేకుండెను. ఉపాధ్యాయుల పరిశీలనయే చాలియుండెను. మనకును నేర్చుకొనదగిన దిదియే. జ్వరము చూచుటకు ముందు జబ్బు పేరు తేల్చి పత్రము తెమ్మని తల్లి యడుగదు. నుదుటిపై చేయి వేసి చూచును.

ఇక దుడుకు బిడ్డ సంగతి. 'మొక్కై వంగనిది మానై వంగునా' యను సామెతను మనవారు బెత్తమునకు అనుమతిపత్రముగ వాడుకొనుచున్నారు. మొక్కకు కావలసినది ఊతకఱ్ఱ, దెబ్బలకఱ్ఱ కాదు. ముందుగ విచారింపవలసినవి కొన్ని కలవు. నల్లబల్లమీది యక్షరములు వానికి కనబడుచున్నవా? పంతులుగారి మాట చక్కగ వినబడుచున్నదా? ఉదయమున ఏమైన తిని వచ్చినాడా? ఇంట తండ్రి త్రాగి తల్లిని కొట్టుచున్నాడా? 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున, 18 ఏండ్లవరకు గల బిడ్డలయందు పరీక్షింపవలసిన 30 లోపములలో చూపు, వినికిడి, అభ్యసన లోపములు చేరియే యున్నవి. ఆ పరీక్ష శ్రద్ధగ జరిగినచో కొందరి పోకిరితనము ఒక కంటియద్దముతో కుదురుకొనును.

తక్కినవారికి ఒక సులభమైన పద్ధతి కలదు; అమెరికా బడులలో చాలచోట్ల వాడుకలో నున్నది. ఉదయము బడికి రాగానే బిడ్డ, తన్ను ప్రేమించు నొక ఉపాధ్యాయునివద్దకు పోవును. ఆ దినమున పాటింపవలసిన రెండుమూడు నియమములు చిన్న కాగితముపై వ్రాసికొనును. ప్రతి గంటకును ఆ గంట పంతులుగారు ఎట్లున్నదియు గుర్తుపెట్టుదురు. సాయంకాలము మరల ఆ యుపాధ్యాయునే చూచి, మంచిమాట విని, కాగితము ఇంట చూపును. ఖర్చు కాగితమంత. ఫలము మాత్రము, తప్పుచేసినప్పుడే పలుకరింపబడు బిడ్డ, మంచిగ నున్నప్పుడును పలుకరింపబడుట. దుడుకు బిడ్డలలో చాలమంది వెదకునది ఆ పలుకరింపే.

మాకు వచ్చు నాక్షేపణల నెరుగుదుము. పంతులుగారికి తీరిక లేదందురు. నిజమే. కాని 27 వ సెక్షను జనాభాలెక్కలకు, విపత్తు సహాయమునకు, ఎన్నికలకు తప్ప వారిని ఇతరపనులకు నియోగింపరాదని చెప్పుచున్నది. అరువదిమందివరకు గల ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయు లుండవలెనని ఆ శాసనపు షెడ్యూలులోనే కలదు. ఒక్కరే ఐదు తరగతులు నడుపుచున్న బడిలో బిడ్డ వెనుకబడినచో, ఆ నేరము బిడ్డదియు కాదు, పంతులుగారిదియు కాదు. ట్యూషనున్నది గదా యందురు. 28 వ సెక్షను బడి యుపాధ్యాయులు సొంత ట్యూషను చెప్పరాదనుచున్నది. బడిలో చెప్పవలసినది బడిలోనే చెప్పుమని దాని భావము. వేరుగ కూర్చుండబెట్టినచో బిడ్డ చిన్నబుచ్చుకొనునందురు. ఇది బరువైన మాట. అందుకే గుంపునకు వెనుకబడినవారను పేరు ఉండరాదు. ఎనిమిది పది వారముల కొకమారు పరీక్షించి, మెట్టెక్కినవానిని తరగతికి పంపి, క్రొత్తవానిని చేర్చుకొనవలెను. ఒత్తులకై నేడు వచ్చినవాడు రేపు లెక్కలలో ముందుండవచ్చును. రెండు మూడు విడతలు చేసినను ముందునకు సాగని బిడ్డను మాత్రమే వైద్యునికడకు, భవిత కేంద్రమునకు పంపవలెను. అట్లు నడుమ మెట్టు గట్టిగ నున్నచో పై మెట్టునకును బరువు తగ్గును.

మన సీమ సంగతి. ఊరూరికి ఒకే తూము పనికిరాదు. బందరులో కాలేజీలు కలవు, విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులు కలరు, వకీళ్లు గుమాస్తాలు కలరు. గిలకలదిండి మత్స్యకారుల బిడ్డకును, రోల్డుగోల్డు పనివారి బిడ్డకును దినమున కొక గంట ఇచ్చుటకు ఇచ్చట మనుష్యులకు కొదువ లేదు. 1910 లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గారలు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, అక్షరముతో పాటు చేతిపనిని గూడ చదువుగ నెంచిన పట్టణ మిది. చేతితో చేయుచు నేర్చుకొను బిడ్డ మొద్దు కాడని ఈ యూరికి ఒకరు చెప్పవలెనా?

గుడివాడ చుట్టుపట్ల చేపల చెరువులమీదను, ఇటుక బట్టీలవద్దను బ్రతుకుతెరువునకై వచ్చిపోవు కుటుంబములున్నచోట చిక్కు వేరు. ఆ బిడ్డ నాలుగు నెలలొక బడిలో, ఆరు నెలలు మరియొక బడిలో చదువును. కొన్ని నెలలు ఎచ్చటను చదువడు. వానికి లోపించినది తెలివి కాదు, వరుస. ఏ మెట్టువరకు వచ్చినాడో తెలుపు చిన్న చీటి వానితోకూడ బడినుండి బడికి పోవలెను. లేనిచో ప్రతిచోటను మొదటినుండి మొద్దనిపించుకొనును.

దివిసీమయందు మరియొక చిక్కు. లంకలనుండి పడవ దాటి బడికి రావలసిన బిడ్డను సాయంకాలము గంటసేపు నిలుపుమనుట, బడి మానుమనుటయే. ఎండ్రకాయల వేటకు తల్లిదండ్రులతో పోవు యానాదుల బిడ్డ బడికి వచ్చిన దినమే దొరకిన దినము. కావున ఇచ్చట ప్రత్యేకబోధన బడి వేళలోనే జరుగవలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పిమ్మట దేశదేశముల చేతులు ఈ సీమ నాదుకొనెను. కంటికి కనబడు ఉప్పెనకు కరగిన గుండెలు, ఏటేట నిశ్శబ్దముగ బిడ్డలను బడినుండి తీసికొనిపోవు నీ యుప్పెనకును కరగవలదా?

కావున మేము కోరునవి నాలుగు. బడులు తెరచిన మొదటి నెలలోనే ప్రతి బిడ్డ చదువును, లెక్కను, చూపును, వినికిడిని పరీక్షింపవలెను. కాలనిర్ణయ పత్రమునందే ప్రతిదిన మొక గంట ఈ చిన్న గుంపులకై ఉండవలెను; ఆ గంట మాతృభాషలో నడువవలెను. ఎందరు చేరిరి, ఎందరు మెట్టెక్కిరి యను లెక్కను, బిడ్డల పేర్లు బయటపెట్టక, తల్లిదండ్రుల సంఘము ముందుంచవలెను. ఉపాధ్యాయుల ఖాళీలను నింపవలెను. మొదటి బాధ్యత ప్రభుత్వమువారిది. స్వచ్ఛంద సేవకులు ఉపాధ్యాయునకు తోడే గాని బదులు కారు. వారును బడి యావరణలోనే, ఉపాధ్యాయుల కన్నులయెదుటనే, తర్ఫీదు పొంది పనిచేయవలెను.

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు మహాశయులకు ఒక మనవి. విద్యాహక్కు శాసనపు 32 వ సెక్షను ప్రకారము, బిడ్డ హక్కునకు భంగము కలిగినదని ఎవరైనను స్థానికసంస్థకు వ్రాతపూర్వకముగ ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలో దానిని తేల్చవలెను. మీ వీథిబడికి పోయి ఒక్క ప్రశ్న యడుగుడు: 'ఈ తరగతిలో చదువలేని బిడ్డలెందరు? వారికి ఏ గంటలో ఏమి చెప్పుచున్నారు?' సమాధానము లేనిచో, కోపముతో కాక కాగితముతో కదలుడు. సమాధానమున్నచో, వారమునకు రెండు గంటలు మీరును ఇచ్చి ఆ పంతులుగారికి చేదోడుకండు. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినది. దాని నీరు కాలువ తలవద్ద పొలములను తడిపినంతమాత్రమున పని ముగియలేదు. శివారు పొలము తడిసిననాడే కాలువ పారినదని లెక్క.